పదో తరగతి ఫలితాలు తక్కువగా ఉన్నాయని చిన్న ఉన్నత పాఠశాలను పక్క ఊరి బడిలో కలపవచ్చా?

పాత విద్యార్థి: నాగర్‌కర్నూల్ జిల్లాలోని మా ఊరి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో 2024 మార్చిలో 14 మంది పదో తరగతి పరీక్షలు రాయగా పది మంది గట్టెక్కారు. ఆ ఏడాది తెలంగాణ మొత్తం మీద ఉత్తీర్ణత 91.31 శాతం కాగా మా బడి 71 దగ్గర ఆగిపోయింది. ఈ బడిని నాలుగు కిలోమీటర్ల దూరంలోని పెద్ద ఊరి బడిలో కలిపివేయాలని గ్రామసభలో కొందరు ప్రతిపాదించారు. నేను అక్కడే చదువుకున్నాను. అయినా కలపడమే మేలని నా అభిప్రాయం.

లెక్కల సారు: 14 మంది రాసే చోట ఒక్కరు తప్పితే శాతం ఏడు పడిపోతుంది, 140 మంది రాసే చోట ఒక్కరు తప్పితే ఒక్క శాతమైనా తగ్గదు. ఇంత చిన్న తరగతిలో ఒక ఏడు నూటికి నూరు, మరుసటి ఏడు డెబ్బై రావడంలో వింతేమీ లేదు. అంతకంటే ముఖ్యమైనది, పదో తరగతి దాకా ఆ బడిలో మిగిలేది ఎవరన్నది. గురుకులాల ప్రవేశం ఐదో తరగతిలో జరుగుతుంది కాబట్టి, చురుకైన పిల్లలు నాలుగో తరగతిలోనే పరీక్ష రాసి వెళ్ళిపోతారు. ఆ తరువాత నాలుగు డబ్బులున్న ఇళ్ళ అబ్బాయిలు ప్రైవేటు బడి బస్సు ఎక్కుతారు. అటూ ఇటూ పోగా మిగిలిన పిల్లలకు పాఠం చెప్పి, ఏరుకుని తీసుకువెళ్ళిన వారి ఫలితాలతో మమ్మల్ని పోల్చితే ఏం తేలుతుంది?

పట్నం తమ్ముడు: పిల్లలు పిడికెడు, జీతాలు గంపెడు. కలిపివేయండి.

పాత విద్యార్థి: తప్పినవారు ఒక్కరు కాదు సారూ, నలుగురు. దానికి సమాధానం చెప్పండి.

లెక్కల సారు: ఆ నలుగురిలో ముగ్గురు తప్పింది గణితంలో. ఆ విద్యా సంవత్సరంలో డిసెంబరు దాకా అక్కడ గణితం స్కూల్ అసిస్టెంట్ పోస్టు ఖాళీగా ఉండటంతో, నన్ను పక్క బడి నుంచి వారానికి రెండు రోజులు సర్దుబాటు మీద పంపేవారు. రెండు రోజుల్లో త్రికోణమితి చెప్పాలా, ఏడో తరగతిలో పట్టుబడని భిన్నాలు చెప్పాలా? ఇక 80 మార్కులు పరీక్షకు, 20 మార్కులు అంతర్గత మూల్యాంకనానికి ఉన్నప్పుడు, ఆ 20కి 20 ఎవరు ఎంత ధారాళంగా వేసుకుంటారో మండలంలో అందరికీ తెలిసిన సంగతే.

పత్తిరైతు: అంతర్గత మార్కుల సంగతి తరువాత చూద్దాం. ముందు సర్కారు సార్లు తమ పిల్లలను సర్కారు బడిలో చేర్పించి మాట్లాడాలి. అప్పు చేసి ఏడాదికి నలభై వేలు కట్టి మా వాడిని ప్రైవేటులో చదివిస్తున్నాను. ఆ వడ్డీ ఎవరు కడతారు?

లెక్కల సారు: నా పిల్లల చదువు ఇక్కడ చర్చాంశం కాదు.

పత్తిరైతు: అదే అసలు చర్చాంశం.

పాత విద్యార్థి: సారు వాదన ప్రకారమే చూద్దాం. అబ్బాయిలు వెళ్ళిపోగా మిగిలింది ఎక్కువగా అమ్మాయిలే. ఆ 14 మందిలో తొమ్మిది మంది వారే. 2024లో రాష్ట్రంలో అమ్మాయిల ఉత్తీర్ణత 93.23 శాతం, అబ్బాయిలది 89.42 శాతం. అటువంటప్పుడు అమ్మాయిలు ఎక్కువగా ఉన్న బడిలో ఫలితం పెరగాలి గాని తగ్గడమేమిటి?

తండా అక్క: మా అమ్మాయి అదే బడిలో తొమ్మిదో తరగతి చదువుతున్నది కాబట్టి నేను చెబుతాను. నవంబరులో హాజరు పట్టీ తెరిచి చూడండి, అమ్మాయిల పేర్ల ఎదురుగా వరుసగా గైర్హాజరు గుర్తులే కనిపిస్తాయి. పత్తి ఏరడానికి కిలో లెక్కన కూలి ఇస్తారు గనుక తల్లి వెంట బిడ్డ కూడా వెళితే సాయంత్రానికి రెండో సంచి నిండుతుంది. హెడ్మాస్టరు గారు పొద్దున్నే బండి మీద తండాకు వచ్చి చేలగట్ల దగ్గర నిలబడి పిలుస్తారు. కొందరు వెళతారు, కొందరు ముఖం చాటేస్తారు. పెద్ద ఊరి బడిలో కలిపితే నాలుగు కిలోమీటర్లు వచ్చి పిలిచేది ఎవరు?

పట్నం తమ్ముడు: 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సు ఉచితమే కదా అక్కా.

తండా అక్క: టికెట్టు ఉచితమే తమ్ముడూ, బస్సు మాత్రం మొదటి గంట కొట్టిన తరువాత వస్తుంది. సాయంత్రం అదీ లేదు. పత్తిరైతు అన్నా, అబ్బాయి ప్రైవేటులో ఉన్నాడన్నావు, మరి నీ బిడ్డ ఎక్కడ చదువుతున్నది?

పత్తిరైతు: ఈ బడిలోనే, ఎనిమిదిలో. ఇద్దరికీ ఫీజు కట్టే స్తోమత నాకు లేదు. అందులో తప్పేమున్నది?

తండా అక్క: తప్పొప్పులు నేను ఎంచడం లేదు. ఏ బడి మూతపడితే నీ బిడ్డ చదువు ఆగుతుందో ఆ బడి గురించి నువ్వు ఫీజుల మాట మాట్లాడుతున్నావన్నదే నా బాధ. గ్రామసభలో చేతులెత్తినవారిలో ఎంతమంది పిల్లలు అక్కడ చదువుతున్నారు? మధ్యాహ్న భోజనం వంట ఎస్సీ కాలనీ ఆమెకు అప్పగించిన ఏడాది ఎవరెవరు టీసీలు తీసుకున్నారో ఊరంతటికీ తెలుసు. అప్పుడు శాతాల మాట ఎవరూ ఎత్తలేదు. తండా పిల్లలూ కాలనీ పిల్లలూ మాత్రమే మిగిలిన తరువాత బడి పనికిరానిదైపోయింది.

పాత విద్యార్థి: ఫలితాల చర్చలోకి కులాన్ని లాగడం అన్యాయం. మా అన్న కొడుకు టీసీ తీసుకున్నది ఇంగ్లీషు మాధ్యమం కోసం.

లెక్కల సారు: సర్కారు బడుల్లో 2022-23 నుంచే ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమం వచ్చింది. మీ అన్న గారి అబ్బాయి ఏ సంవత్సరం వెళ్ళాడు?

పాత విద్యార్థి: అది మా ఇంటి విషయం.

పత్తిరైతు: నా ఇంటి విషయం మాత్రం అందరూ అడగవచ్చునా?

లెక్కల సారు: తీర్మానం రాయదలచుకుంటే, బడిలో పిల్లలున్న తల్లిదండ్రులను విడిగా పిలిచి వారి సంతకాలతో రాయండి. ఆ రోజు గణితం పోస్టును ఇకపై ఖాళీగా ఉంచవద్దని కూడా మండల విద్యాధికారికి అర్జీ పెట్టండి, నేనూ వస్తాను.

తండా అక్క: ఆదివారం అయితే మా వాళ్ళు వస్తారు, మామూలు రోజున కూలి పోతుంది.

పాత విద్యార్థి: ఆదివారమే పెట్టండి. 91కి, 71కి మధ్య ఉన్న తేడా గురించి నేను అక్కడా అడుగుతాను.