వైద్యసేవ ట్రస్టు నుంచి బీమాకు: 2.5 లక్షల గీత దగ్గర ఏం జరుగుతుంది?

పెన్నా_ఒడ్డు
ఏపీలో ఎన్టీఆర్ వైద్యసేవను (పాత ఆరోగ్యశ్రీ) హైబ్రిడ్ పద్ధతికి మార్చడానికి 2025 సెప్టెంబర్‌లో మంత్రివర్గం ఒప్పుకుంది కదా. పేద కుటుంబానికి ఏడాదిలో 2.5 లక్షల దాకా బీమా కంపెనీ, ఆపైన 25 లక్షల దాకా ప్రభుత్వ ట్రస్టు భరిస్తాయి. చికిత్సలు 3,257. టీవీల్లో అరుపులే గానీ లెక్క ఎవరూ చెప్పడం లేదు. ప్రీమియం ఎవరి నెత్తిన పడుతుంది, ఆస్పత్రుల బకాయిలు తీరతాయా, పేషెంటుకు ఏం మారుతుంది? తెలిసినవాళ్లు రాయండి. పార్టీల గోల మాత్రం వద్దు.

క్లెయిమ్_గుమాస్తా
ఇదేదో కొత్త ప్రయోగం అనుకోకండి. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైందే బీమాతో. 2008 జూలైలో ఆరోగ్యశ్రీ-2 అని మరికొన్ని చికిత్సలను ట్రస్టు నేరుగా తీసుకుంది. అంటే కొన్నాళ్లు మన దగ్గర హైబ్రిడ్ నడిచింది. కాకపోతే అప్పట్లో గీత జబ్బును బట్టి గీశారు, ఇప్పుడు డబ్బును బట్టి గీస్తున్నారు. ఏ జబ్బు ఏ జాబితాలో ఉందో అడ్మిషన్ రోజునే తెలుస్తుంది. డబ్బు గీత ఎప్పుడు దాటతామో చివరి బిల్లు దాకా తెలియదు. చిక్కంతా అక్కడే.

డయాలసిస్ తీసుకోండి. లెక్క కోసం సెషన్‌కి 1,500 అనుకుందాం. వారానికి 3 అంటే ఏడాదికి 156, మొత్తం 2,34,000. కంపెనీ వాటాలో మిగిలింది 16,000. పరిమితి మనిషికి కాదు, కుటుంబానికి. అదే ఇంట్లో పెద్దాయనకు పాలసీ ఏడాది చివర్లో 30,000 ఆపరేషన్ పడితే 16,000 కంపెనీది, 14,000 ట్రస్టుది. ఆ ఒక్క కేసుకు ప్రీఆథ్ (చికిత్సకు ముందస్తు అనుమతి) ఎవరివ్వాలి? ఒకరు ఒప్పుకుని ఇంకొకరు కొర్రీ వేస్తే? బీమా కంపెనీని ఎంచుకునే టెండరు పత్రంలో వెతకాల్సిన మొదటి క్లాజు ఇదే. గీత దాటే కేసును మొత్తం ఒకే చోట పరిశీలించి, డబ్బు మాత్రం వెనకాల పంచుకుంటామని రాసి ఉంటే పర్వాలేదు. లేకపోతే ఆస్పత్రి ఒకే ఫైలును రెండు చోట్ల అప్‌లోడ్ చేస్తూ కూర్చోవాలి.

లెక్కల_మాస్టారు
ప్రీమియం సంగతి. పేద కుటుంబాలు 1.43 కోట్లని చెప్పారు. ప్రీమియం ఎంతన్నది టెండరులో తేలాలి గనక, ఊరికే కుటుంబానికి 1,500 అని వేసుకుందాం: 2,145 కోట్లు. క్లెయిమ్‌లు అందులో 85 శాతం అయితే 1,823 కోట్లు. మిగిలిన 322 కోట్లు ఎవరికి? కంపెనీ ఖర్చులకు ఇంత శాతం, దాటింది ప్రభుత్వానికి వాపసు అన్న షరతు ఉంటే సరి. లేదంటే క్లెయిమ్ కొట్టేసిన ప్రతిసారీ కంపెనీకి లాభమే. తిరస్కరణలు పెరుగుతాయన్న భయం ఊరికే పుట్టలేదు.

కేంద్రం ఇస్తుందిలే అని ధీమా పడొద్దు. కేంద్ర ఆరోగ్య పథకం ఆయుష్మాన్ భారత్‌లో కేంద్రం 60, రాష్ట్రం 40 అన్న వాటా కేంద్రం లెక్కలోకి వచ్చే కుటుంబాలకే, అదీ ఒక గరిష్ఠ మొత్తానికి లోబడి. మనం అదనంగా చేర్చుకున్న కుటుంబాల భారం పూర్తిగా రాష్ట్రానిదే.

పెన్నా_ఒడ్డు
మరి బకాయిలో? 2025లోనే సెప్టెంబర్‌లో తెలంగాణలో, అక్టోబర్‌లో ఏపీలో నెట్‌వర్క్ ఆస్పత్రులు (పథకంలో చేరినవి) సేవలు ఆపేశాయి. బీమా వస్తే ఆ గొడవ ఉండదంటున్నారు.

క్లెయిమ్_గుమాస్తా
సగమే నిజం. ఆయుష్మాన్ నిబంధనల్లో రాష్ట్రం లోపలి క్లెయిమ్‌కు 15 రోజులు, వేరే రాష్ట్రంలో చేయించుకుంటే 30 రోజులు గడువు. కంపెనీ ఆలస్యం చేస్తే వారానికి 1 శాతం వడ్డీ. ట్రస్టు ఆలస్యం చేస్తే అడిగేవాడు లేడు, ఆ మేరకు బీమా నయం. కానీ ప్రీమియం కూడా వాయిదాల్లోనే కడతారు. ఆర్థిక శాఖ వాయిదా ఆపితే కంపెనీ సొంత డబ్బు పెట్టి క్లెయిమ్‌లు తీరుస్తుందా? ఖజానాలో అడ్డం పడ్డది అడ్డం పడ్డట్టే ఉంటుంది, పైపు మారుతుందంతే. పైగా పాత బకాయిలు కొత్త కంపెనీకి సంబంధం లేదు. అవి ట్రస్టే తీర్చాలి.

మలబార్_తెలుగు
కేరళ 2020లో బీమా వదిలేసి, ప్రభుత్వ ఏజెన్సీయే నేరుగా చెల్లించే పద్ధతికి వెళ్లింది. మహారాష్ట్ర అదే ఏడాది 1.5 లక్షల దాకా బీమా, ఆపైన ప్రభుత్వం అని మనం ఇప్పుడు అనుకుంటున్నదే పెట్టింది. ఒకరు దిగిన బస్సు ఇంకొకరు ఎక్కారు.

వార్డు_నం_7
విధానం ఏదైనా పేషెంటు తరఫువాళ్లకు పనికొచ్చేవి చెప్తాను.

ముందు ఆస్పత్రిలో పథకం డెస్క్ దగ్గర ఉండే సహాయకుడు వైద్యమిత్రను (తెలంగాణలో ఆరోగ్యమిత్రను) కలవండి. క్యాష్ కౌంటర్‌కు తర్వాత వెళ్లొచ్చు. క్యాష్ పేషెంటుగా నమోదైపోయాక పథకంలోకి మార్చడం తలనొప్పి. అత్యవసరమైతే ఫోన్ మీద అప్రూవల్ తీసుకునే ఏర్పాటుంది, కార్డు ఇంట్లో మర్చిపోయారని వైద్యం ఆపక్కర్లేదు.

ప్రీఆథ్ ఎక్కువగా ఆగేది మూడు చోట్ల. ఆధార్‌లో ఇంటిపేరు పొడుగ్గా, రేషన్ కార్డులో పొడి అక్షరంగా ఉండటం ఒకటి. పెళ్లైన అమ్మాయి పేరు ఇంకా పుట్టింటి కార్డులోనే ఉండటం ఇంకోటి. మూడోది స్కాన్ రిపోర్టుకీ డాక్టరు ఎంచుకున్న ప్యాకేజీ కోడ్‌కీ (పథకంలో ఆ చికిత్సకున్న నంబరుకీ) పొంతన లేకపోవడం. రిపోర్టులో కుడి మోకాలు, కోడ్‌లో ఎడమ మోకాలు అని పడితే తిరుగుటపాలో వస్తుంది. రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు, ఫిల్మ్ కూడా అప్‌లోడ్ చేశారా అని అడగండి. ‘పెండింగ్’ అంటే తిరస్కరణ కాదు. అడిగిన కాగితం ఇస్తే కదులుతుంది. చాలామంది అక్కడే భయపడి డబ్బు కట్టేస్తారు.

డిశ్చార్జి రోజున 10 రోజుల మందులు ప్యాకేజీలో భాగం. చేతికి ఇవ్వకుండా సంతృప్తి పత్రం మీద సంతకం పెట్టించుకుంటే, ఆ తర్వాత ఫిర్యాదు నిలబడదు. మందులు చూసుకుని సంతకం పెట్టండి.

లెక్కల_మాస్టారు
@వార్డు_నం_7 ఇంప్లాంట్ల (స్టెంటు, కృత్రిమ కీలు లాంటి ఒంట్లో అమర్చేవాటి) సంగతి కూడా రాయండి. జనం దగ్గర ఎక్కువ డబ్బు లాగేది అక్కడే.

వార్డు_నం_7
అవును. ‘పథకంలో వచ్చేది మామూలు రకం, మంచిది కావాలంటే పైన 40 వేలు’ అంటారు. ఇది నోటిమాటగానే జరుగుతుంది, రసీదు ఉండదు. రసీదు అడగండి. సగం సార్లు మాట అక్కడితో ఆగిపోతుంది. ఆగకపోతే ఆ పూటే 104కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి. ఇంటికెళ్లాక చేస్తే ‘ఇష్టపడే కట్టారు’ అంటారు. ఆస్పత్రుల వాదనా పూర్తిగా తీసిపారేయలేం. ప్యాకేజీ రేట్లు ఏళ్ల తరబడి కదలకపోతే, ఆ తేడా ఎక్కడో ఒకచోట రాబట్టుకుంటారు.

కాకతీయ_గల్లీ
రేట్ల మాటొచ్చింది కాబట్టి మా తెలంగాణ సంగతి. 2023 డిసెంబర్‌లో పరిమితి 5 నుంచి 10 లక్షలు చేసిన్రు. 2024లో 163 చికిత్సలు కలిపి మొత్తం 1,835 చేసి, 1,375 ప్యాకేజీల రేట్లు సవరించిన్రు. పరిమితి పెంచుడు కాగితం మీద సులువు, 10 లక్షల దాకా పోయే కుటుంబాలు ఎన్నని? రేటు పెంచితే మాత్రం ప్రతి క్లెయిమ్ మీద ఖర్చు పెరుగుతది. బడ్జెట్ దానికి తగ్గట్టు పెరగకపోతే మళ్లీ బకాయిలే. ఏపీల 25 లక్షలన్న మాటను కూడా గట్లనే చూడాలె.

పెన్నా_ఒడ్డు
70 ఏళ్లు దాటినవాళ్ల కార్డు దీంతో కలుస్తుందా?

క్లెయిమ్_గుమాస్తా
ఆ కార్డు పేరు వయ వందన, అది వేరు. 2024 అక్టోబర్ 29న కేంద్రం మొదలుపెట్టింది. ఆదాయంతో పని లేదు, ఆధార్‌లో వయసు 70 నిండితే చాలు. అప్పటికే ఆయుష్మాన్‌లో ఉన్న కుటుంబమైతే పెద్దవాళ్లకు విడిగా మరో 5 లక్షలు. భార్యాభర్తలిద్దరూ 70 దాటితే ఆ 5 లక్షలు ఇద్దరికీ కలిపే. సీజీహెచ్‌ఎస్ (కేంద్ర ఉద్యోగులు, పెన్షనర్ల ఆరోగ్య పథకం) ఉన్నవాళ్లు రెండింటిలో ఒకటి ఎంచుకోవాలి. ప్రైవేటు పాలసీ, ఈఎస్‌ఐ ఉన్నా ఇది తీసుకోవచ్చు. ఆధార్‌లో వయసు తప్పు పడి ఉంటే ముందే సరిచేయించుకోండి, ఆస్పత్రి బెడ్ మీద నుంచి ఆ పని కాదు.