కొంబుచా డికాషన్: గబగబా చల్లార్చాలా, రాత్రంతా వదిలేయాలా?

సీతమ్మధార_గృహిణి:
కొంబుచా, అంటే పులియబెట్టిన టీ కోసం, ఐదు లీటర్ల పంచదార టీ పొద్దున ఆరింటికి కాచి ఫ్యాను కింద పెడితే, తొమ్మిది దాటినా గిన్నె అడుగు వేడిగానే ఉంటోంది. పోయినసారి తొందరపడి స్కోబీ (టీని పులియబెట్టే బతికున్న క్రిముల పొర) వేసేశాను. పది రోజులైనా కొత్త పొర కట్టలేదు, నల్లటి బూజు పట్టింది. అంతా పారబోశాను, ఏడుపొచ్చింది. రాత్రి మూతపెట్టి వదిలెయ్యమని మా అక్క, గంటలోపు చల్లార్చాల్సిందేనని మా ఆయన. మీరేం చేస్తున్నారు?

మధురవాడ_పెరడు:
మీ అక్కగారి మాటే నాదీ. మరిగిన గిన్నెకి మూతపెట్టి పడుకుంటాను, తెల్లారి తోడు వేస్తాను. ఒక్కసారీ పాడవలేదు. ఆస్ట్రేలియాలో ఇంట్లో బీరు కాచేవాళ్లు చాలామంది వేడి కషాయాన్ని డబ్బాలో పోసి రాత్రంతా వదిలేస్తారు.

ఎంవీపీ_రమణ:
పెరడుగారూ, మెల్‌బోర్న్‌లో ఉండగా నేనూ ఆ పని చేశాను. వాళ్ల డబ్బా వేరు. కషాయం మరుగుతున్న వేడిలోనే అంచుదాకా నింపి, గాలి లేకుండా బిగిస్తారు. మన గిన్నె మూత అలా బిగుసుకోదు. లోపలి ఆవిరి నీరయ్యే కొద్దీ బయటి గాలినీ దుమ్మునీ లాక్కుంటుంది. టీలో అప్పటికి పులుపు లేదు, పంచదార బోలెడుంది. 60 డిగ్రీల కిందకి వచ్చాక క్రిములకి అంతకంటే ఏం కావాలి?

బార్లీ కషాయాన్ని, అంటే వోర్ట్‌ని, రాగి గొట్టపు చుట్టలో చన్నీళ్లు పారించి చల్లార్చేవాణ్ణి. నెమ్మదిగా చల్లారితే ఉడికిన క్యాబేజీ వాసన వస్తుందన్న భయం కూడా ఉండేది. టీకి ఆ గొడవ లేదు. ఇక్కడ లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాయడం నేరం కాబట్టి ఇప్పుడు కొంబుచా ఒక్కటే.

గిన్నెని నీళ్ల టబ్బులో పెట్టి, లోపల కడిగిన గరిటెతో తిప్పుతూ ఉండండి. మొదట్లో వేడి దబదబా దిగుతుంది, తేడా తగ్గేకొద్దీ నెమ్మదిస్తుంది. అప్పుడు టబ్బులో ఐసు వెయ్యండి. కిలో ఐసు కరగడానికే లీటరు నీటిని 80 డిగ్రీలు దించేంత వేడి పడుతుంది. చేపల మీద వేసే ఐసు తాగేది కాదు, గిన్నె బయటే ఉండాలి.

గాజువాక_శ్రీను:
గిన్నెకి తడిగుడ్డ చుట్టి ఫ్యాను పెడితే సరిపోదా? అనంతపురంలో మా అమ్మ అలాగే చేస్తుంది.

ఎంవీపీ_రమణ:
అక్కడి గాలి పొడి, తడి ఇట్టే ఆరిపోతుంది. మన సముద్రపు ఉక్కలో ఉతికిన బట్టలే సాయంత్రానికి ఆరవు శ్రీనూ.

మధురవాడ_పెరడు:
వేసవిలో మాకు కుళాయి పొద్దున గంట వస్తే గొప్ప. టబ్బు నిండా నీళ్లంటే నా వల్ల కాదు.

గాజువాక_శ్రీను:
అయితే లీటరున్నర నీళ్లలోనే ఆకూ పంచదారా మొత్తం వేసి చిక్కగా కాయండి. ముందురోజు మరిగించి ఫ్రిజ్‌లో పెట్టిన మూడున్నర లీటర్లు కలపండి. 33 డిగ్రీల దగ్గర ఆగుతుంది, నీళ్లూ వృథా కావు.

మధురవాడ_పెరడు:
తక్కువ నీళ్లలో ఆకు సారం పూర్తిగా దిగదు, రుచి పలచన. నేను మూతకే ఓటు.

సీతమ్మధార_గృహిణి:
నిన్న టబ్బులో పెట్టి చూశాను, ఆ నీళ్లు మొక్కలకి పోశాను. గిన్నె బయట చల్లగా తగిలింది, అంచు దగ్గర థర్మామీటరు 34 చూపించింది. గరిటె తిప్పగానే 47! పోయినసారి పైన చెయ్యి పెట్టి చూసి, తిప్పకుండానే స్కోబీ వేశాను. ఇంకో పావుగంట ఐసులో తిప్పి, 29కి దిగాక అర లీటరు పాత కొంబుచాతో సహా వేశాను.