ఎక్స్‌పీ సిస్టమ్‌లో కొత్త పెన్‌డ్రైవ్‌లు: సాఫ్ట్‌వేర్ వేయాలా, వద్దా?

ఏడురోడ్ల డీటీపీ (కడప)
మా షాపులో పెళ్లికార్డుల పనంతా ఇప్పటికీ విండోస్ ఎక్స్‌పీ మీదే. పేజ్‌మేకర్, తెలుగు ఫాంట్లు అందులోనే ఉన్నాయి, సాఫ్ట్‌వేర్‌కు లైసెన్స్ తాళంలాంటి డాంగిల్ ప్యారలల్ పోర్టుకు ఉంది. కస్టమర్లు తెచ్చే 64 జీబీ పెన్‌డ్రైవ్‌లు ఎక్స్‌ఫ్యాట్ అనే ఫార్మాట్‌లో (ఫైళ్లను డిస్కులో అమర్చే పద్ధతి) ఉంటున్నాయి. పెట్టగానే ‘డిస్క్ ఫార్మాట్ కాలేదు, ఇప్పుడు చేయాలా?’ అని అడుగుతోంది. పనిచేసే పిల్లోడు ఏదో ఒకరోజు ‘ఎస్’ నొక్కి అంతా చెరిపేస్తాడేమోనని టెన్షన్. ఎక్స్‌ఫ్యాట్ చదివించే సాఫ్ట్‌వేర్ వేయమని కొందరు, పాత సిస్టమ్‌ను కదిలించొద్దని కొందరు. మీరేమంటారు?

పాత పెంటియం (కర్నూలు)
వేసేయన్నా. సర్వీస్ ప్యాక్ 2, 3 ఉన్న ఎక్స్‌పీ కోసం మైక్రోసాఫ్టే 2009 జనవరిలో కేబీ955704 అప్‌డేట్ ఇచ్చింది. వేసి రీస్టార్ట్ చేస్తే ఆ ఫార్మాట్ ప్రశ్నే రాదు. విండోస్ 98లో ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్ డిస్కులు చదవడానికి సిస్‌ఇంటర్నల్స్ యుటిలిటీ వాడిన కాలంలోనూ జనం ఇట్లే భయపడ్డారు.

సీమ పెంగ్విన్ (అనంతపురం)
ఆ పోలిక కుదరదు. సిస్‌ఇంటర్నల్స్ వాళ్లు ఉచితంగా ఇచ్చింది చదవడానికే, డిస్కు మీద ఏమీ రాయదు. ఈ అప్‌డేట్ రాస్తుంది కూడా. ఎక్స్‌ఫ్యాట్‌కు జర్నల్ (మార్పులను ముందే రాసిపెట్టుకునే చిట్టా) లేదు, కాపీ మధ్యలో కరెంటు పోతే కస్టమర్ ఫొటోలు గల్లంతే. పైగా ఎక్స్‌పీకి సపోర్ట్ 2014 ఏప్రిల్ 8న ఆగిపోయింది. ఆ అప్‌డేట్‌ను ఇప్పుడు ఏ సైటు నుంచి దించుతారో, దాంతోపాటు ఏం దిగుతుందో!

పాత పెంటియం
జర్నల్ పాత ఫ్యాట్32 ఫార్మాట్‌కు మాత్రం ఉందా? ఇన్నేళ్లుగా దాంతోనే నెట్టుకొస్తున్నాం కదా. యూపీఎస్ పెట్టుకుంటే సరి. అప్‌డేట్ ఫైల్ మీద మైక్రోసాఫ్ట్ డిజిటల్ సంతకం ప్రాపర్టీస్‌లో కనిపిస్తుంది, చూసుకుని వేయొచ్చు.

సీమ పెంగ్విన్
సంతకం మాట ఒప్పుకుంటా. అయినా నా ఓటు వేరే దారికే. మూలన పడేసిన లాప్‌టాప్‌లో లినక్స్ వేయండి. 5.7 కెర్నల్ (లినక్స్ మూలభాగం) నుంచి ఎక్స్‌ఫ్యాట్ డ్రైవర్ బాగుంది. పెన్‌డ్రైవ్ అందులో పెట్టి, ఫైళ్లు నెట్‌వర్క్ మీద ఎఫ్‌టీపీలో ఎక్స్‌పీకి లాక్కోండి. విండోస్ షేరింగ్ మాత్రం వద్దు. ఎక్స్‌పీకి తెలిసింది ఎస్‌ఎంబీ1 అనే పాత షేరింగ్ పద్ధతి ఒక్కటే, 2017లో వనాక్రై రాన్సమ్‌వేర్ పాకింది దాని గుండానే.

టవర్‌క్లాక్ (అనంతపురం)
ఇద్దరూ పెన్‌డ్రైవ్ దగ్గరే ఆగిపోయారు. రేపు ఎవరో 4 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్కు తెస్తారు. అది సాధారణంగా జీపీటీ అనే కొత్తరకం పార్టిషన్ పట్టికతో (డిస్కు భాగాల జాబితా) ఉంటుంది. 32 బిట్ ఎక్స్‌పీకి ఆ పట్టికే అర్థం కాదు, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ‘జీపీటీ ప్రొటెక్టివ్ పార్టిషన్’ అని చూపించి ఊరుకుంటుంది. ఎక్స్‌ఫ్యాట్ అప్‌డేట్ వేసినా లాభం లేదు. అలాంటి డిస్కుల కోసం పారగాన్ వాళ్ల జీపీటీ లోడర్ అని వేరే యుటిలిటీ ఉంది. ఇట్లా ఒక్కో డిస్కుకు ఒక్కో డ్రైవర్ పేర్చుకుంటూ పోతే, డాంగిల్ డ్రైవర్ మొరాయించిన రోజు ఎవరిని అడగాలి? లినక్స్ లాప్‌టాప్ అయితే ఎక్స్‌ఫ్యాట్, జీపీటీ రెండూ చదువుతుంది.

పాత పెంటియం
మాఘమాసంలో పది మంది కౌంటర్ దగ్గర నిలబడి ఉంటే పిల్లోడు ఎఫ్‌టీపీ తెరుస్తూ కూర్చోవాలా? చెప్పడానికి బాగుంటుంది సార్.

ఏడురోడ్ల డీటీపీ
ముందు ఎక్స్‌పీ హార్డ్‌డిస్కు మొత్తాన్ని ఇమేజ్ (అచ్చు నకలు) తీసి పెడతా. ఆ తర్వాతే అప్‌డేట్ సంగతి. డాంగిల్ ఉన్న సిస్టమ్‌లో కేబీ955704 వేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండన్నా.