అవదవత్ అంటే అవధ్ పిట్టేనా?

కాలువ గట్టు (సుంకేసుల):
మా మడి పక్కన కేసీ కాలువ గట్టు మీద జమ్ము మనిషెత్తు పెరిగింది. నిన్న పొద్దున నీళ్లు కట్టడానికి వెళితే అందులోంచి పది పన్నెండు పిట్టలు బుర్రుమని లేచాయి. ఒకటి మాత్రం పోచ పట్టుకుని ఊగుతూ ఉండిపోయింది. పిచ్చుక కన్నా చిన్నది. పండుమిరప రంగు ఒళ్లు, దాని మీద సున్నం చిలకరించినట్టు తెల్ల చుక్కలు. ముక్కు కూడా ఎరుపే. మా అమ్మకు ఇలాంటివన్నీ జీనువాయిలే. పక్షుల పుస్తకంలో చూస్తే ‘రెడ్ అవదవత్’ అని ఉంది. ఇదేం పేరు? అవధ్ నుంచి వచ్చిందా? ఇంకో సంగతి, ఎండాకాలంలో అదే జమ్ములో మట్టిరంగువే తిరుగుతాయి. ఎర్రవి ఎక్కడికి పోతాయి?

బడిపంతులు (నంద్యాల):
అవధ్ కాదండీ, అహ్మదాబాద్. ఒకప్పుడు ఈ పిట్టలను పంజరాల్లో పెట్టి అక్కడి నుంచి ఎగుమతి చేసేవారు. కొన్నవాళ్లు పిట్టను ఊరి పేరుతోనే పిలిచారు. ఆ పేరు తెల్లవాళ్ల నోట నలిగి అమదవత్, అవదవత్ అయింది. ఫ్రయర్ అనే ఇంగ్లీషు వైద్యుడు 1698లో అచ్చయిన తన యాత్రా గ్రంథంలో వీటి గురించి రాశాడు: పంజరానికి యాభై, ఒకటి పాట ఎత్తుకుంటే మిగతావి అందుకుంటాయట. చుక్కలను ఆయన తట్టు పొక్కులతో పోల్చాడు. వైద్యుడి కన్ను మరి! మీ సున్నమే నయం. శాస్త్రీయ నామం ‘అమందవ అమందవ’లో ఆ ఊరు రెండుసార్లు ఉంది.

దూరదర్శిని (కడప):
ఎర్రవి ఎక్కడికీ పోవు. ఆ ఎరుపు మగపిట్టకు జత కట్టే కాలంలోనే. అది గడిచాక ఈకలు రాల్చి ఆడపిట్టలాగే మట్టిరంగుకు మారుతుంది. ఈసారి ఎండాకాలంలో తోక మొదలు చూడండి, అక్కడ మాత్రం ఎరుపు మిగిలి ఉంటుంది. ముక్కు రంగు కూడా ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. ఎవరైనా పట్టి అమ్ముతుంటే మాత్రం కొనకండి, చట్టప్రకారం నేరం.

కాలువ గట్టు (సుంకేసుల):
ఇద్దరికీ కృతజ్ఞతలు. అమ్మకు చదివి వినిపించాను. అంతా విని, “మరి అహ్మదాబాదు వాళ్లు దాన్ని ఏమంటారు?” అని అడిగింది.

బడిపంతులు (నంద్యాల):
గుజరాతీ నాకు రాదు. హిందీలో మాత్రం లాల్ మునియా. ఎర్రగా ఉంది కనుక లాల్, అంతే!