మూడున్నర నెలలు ఊళ్లో ఉండం: ఫ్రిజ్ ఆపేసి వెళ్లాలా, ఆన్‌లో ఉంచాలా?

ప్రశ్న (రాజమండ్రి నుంచి)

అందరికీ నమస్కారం. మా అమ్మాయి పురిటికి మే 12న డల్లాస్ వెళ్తున్నాం. తిరిగొచ్చేసరికి ఆగస్టు ఆఖరవుతుంది. ఇల్లు తాళమే. మాది రెండు తలుపుల ఫ్రిజ్, ఫ్రాస్ట్ ఫ్రీ (మంచు దానంతటదే కరిగే రకం). దాన్ని ఏం చేయాలో తేలక టెన్షన్‌గా ఉంది.

పోయినేడాది పన్నెండు రోజులు కాశీ వెళ్లినప్పుడు ఆన్‌లోనే ఉంచి వెళ్లాం. మేం లేనప్పుడు గాలివానకి ఎంసీబీ (కరెంటు దానంతటదే ఆపే మీట) పడిపోయింది. తిరిగొచ్చి తాళం తీయగానే వాసన గుప్పుమంది. ఫ్రీజర్‌లో కిలో కొరమీను, అరకిలో రొయ్యలు ఉండిపోయాయి. కరిగిన నీళ్లు అరల మీదుగా కారి, నేల మీద జిగురులా ఎండిపోయాయి. ఎన్నిసార్లు కడిగినా దసరా దాకా ఆ వాసన వదల్లేదు. పాలు కాస్తే పాలలో కూడా అదే.

ఇప్పుడు లోపల మూడు కిలోల కొత్త చింతపండు, పండుమిరప పచ్చడి, నెయ్యి, కొబ్బరి తురుము, మా వారి ఇన్సులిన్ ఉన్నాయి. అన్నాళ్లు ఆపితే ఫ్రిజ్ పాడైపోతుందని మా వారు అంటున్నారు. నిజమేనా?

జవాబు (విశాఖపట్నం నుంచి)

అమ్మా, నేను 26 ఏళ్లు ఫ్రిజ్ మెకానిక్‌గా పనిచేశాను. ఆపినందువల్ల ఫ్రిజ్ పాడవదు. తడి ఆరకుండా తలుపు మూసి ఆపితే పాడవుతుంది. రెండు మూడు వారాలైతే ఆన్‌లో ఉంచమంటాను. మీరు మూడున్నర నెలలు వెళ్తున్నారు, పైగా వానాకాలం. ఖాళీ చేసి ఆపేయండి.

ప్రయాణానికి కనీసం రెండు రోజుల ముందే ఆపండి. చాలామంది బయల్దేరే రోజు పొద్దున ఆపి, తుడిచేసి వెళ్లిపోతారు. లోపల కాయిల్‌కి (చల్లబరిచే గొట్టాలకి) పట్టిన మంచు అప్పటికి కరగదు. మీరు రైలెక్కాక కరుగుతుంది. కత్తితో, స్క్రూడ్రైవర్‌తో మంచు పొడవకండి, గ్యాస్ ట్యూబుకి చిల్లు పడితే పెద్ద ఖర్చు.

అరలన్నీ తీసి, లీటరు గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాల వంటసోడా కలిపి తుడవండి. తలుపు రబ్బరు మడతలు వేలితో విప్పి, పాత టూత్ బ్రష్‌తో రుద్దండి. బూజు మొదట పుట్టేది అక్కడే. కొన్ని ఫ్రిజ్‌లలో కింది అరలో వెనక గోడకి చిన్న కన్నం కనిపిస్తుంది, నీళ్లు దిగేది. మీ చేపల వాసన అన్నాళ్లు ఉన్నది అందులోనేమో. కన్నం కనిపిస్తే అందులోకి కొంచెం వేడినీళ్లు పోయండి, మరగకాచినవి వద్దు.

ఇంకొకటి, దీన్ని దాదాపు అందరూ మర్చిపోతారు. ఆ కన్నంలోంచి దిగిన నీళ్లు వెనకాల కంప్రెసర్ మీదున్న ట్రేలోకి చేరతాయి. ఫ్రిజ్ నడుస్తున్నప్పుడు ఆ వేడికి ఆవిరైపోతాయి. ఆపేస్తే అక్కడే నిలిచి దోమలు గుడ్లు పెడతాయి. ట్రే ఊడొస్తే కడిగి ఆరబెట్టండి, రాకపోతే గుడ్డతో పీల్చేయండి.

చివరికి ప్లగ్గు, స్టెబిలైజర్ ప్లగ్గు రెండూ పీకేసి, రెండు తలుపుల సందులో చుట్టిన తువ్వాలు పెట్టి తాడుతో వదులుగా కట్టండి. తలుపు బెత్తెడు తెరిచే ఉండాలి. వచ్చాక ఖాళీగా ఒక రాత్రి నడవనిచ్చి, తర్వాత సామాను పెట్టుకోండి.

జవాబు (హైదరాబాద్, మియాపూర్ నుంచి)

అన్నయ్య గారు చెప్పింది పెద్ద ప్రయాణానికి. వారం పది రోజులకి వెళ్లేవాళ్ల కోసం నేను చేసేది రాస్తాను. గ్లాసు నీళ్లు ఫ్రీజర్‌లో గడ్డకట్టించి, పైన రూపాయి బిళ్ల పెట్టి వెళ్తాను. వచ్చేసరికి బిళ్ల పైనే ఉంటే కరెంటు ఎక్కువసేపు పోలేదన్నమాట. అడుగున ఉంటే ఫ్రీజర్‌లోది మొత్తం పారేస్తాను. ఖాళీ జాగాలో నీళ్ల సీసాలు ముప్పాతిక నింపి పెడతాను. తలుపు తెరవకపోతే నిండు ఫ్రీజర్ దాదాపు 48 గంటలు చల్లదనం నిలుపుతుంది, సగం నిండింది 24 గంటలే. కింది ఫ్రిజ్ నాలుగు గంటలకి మించి నమ్మలేం.

అక్కా, ఇన్సులిన్ మాత్రం చెకిన్ సూట్‌కేసులో పెట్టకండి, అక్కడ గడ్డకట్టే ప్రమాదం ఉంది. చేతిసంచిలో, డాక్టరు చీటీతో పాటు. ఐస్ ప్యాక్‌కి నేరుగా తగలకుండా గుడ్డలో చుట్టండి.

ప్రశ్న అడిగినవారు మళ్లీ

ఇద్దరికీ చాలా కృతజ్ఞతలు. 10వ తారీఖు పొద్దున ఆపేశాం. చింతపండు, పచ్చడి, నెయ్యి దానవాయిపేటలో మా చెల్లెలి ఇంటికి పంపాను. కొబ్బరి తురుముతో లౌజు చేసి పక్కింటి పిల్లలకి పంచాను.

ఆ వెనక ట్రే గురించి పదిహేనేళ్లుగా నాకు తెలియనే తెలియదు. మా వారు ఫ్రిజ్ జరిపి టార్చి వేస్తే అందులో వేలెడు మందాన నల్లటి నీళ్లు, అడుగున రొయ్య మీసం ఒకటి అంటుకుని ఉంది. ముక్కు పెట్టలేకపోయాం, అదే వాసన. ట్రే ఊడి రాలేదు, పాత బనీను ముక్కలతో నాలుగుసార్లు తుడిచాం. ఇప్పుడు తలుపులు తువ్వాళ్లతో తెరిచి ఉన్నాయి. ఇందాక తల లోపల పెట్టి చూశాను, సోడా వాసన తప్ప ఏమీ లేదు. రేపు రాత్రి బయల్దేరుతున్నాం.