1,000 చదరపు మీటర్లలో 3,000 మొక్కలా, 15 చెట్లా?

తొలకరి:
చర్చకు పెడుతున్న ప్రశ్న ఇది. 1,000 చదరపు మీటర్ల ఖాళీ నేల ఉంది. స్థానిక జాతులను దట్టంగా నాటి చిన్న అడవి పెంచే మియావాకీ పద్ధతిలో చదరపు మీటరుకు మూడేసి చొప్పున పెడితే 3,000 మొక్కలు పడతాయి. ఎనిమిది మీటర్ల ఎడంతో పెడితే 15 చెట్లు. నీడ, చల్లదనం, వాననీరు ఇంకడం, పిట్టలకు గూడు... వీటన్నిటికీ ఏది మేలు? జనం నడిచే, కూర్చునే చోటయితే 15 చెట్లే నయమని నా అభిప్రాయం. ఎన్ని నాటాం అన్నది పక్కన పెట్టి, ఎన్ని బతికి ఎంత ఆకు పరిచాయో దాని మీద మాట్లాడండి.

పచ్చనిగూడు:
నేను 3,000 వైపు. జపాన్ వృక్షశాస్త్రవేత్త అకీరా మియావాకీ పద్ధతి అంటే మొక్కలు ఇరికించడమే అని చాలామంది అనుకుంటారు. ఆయన మొదటి మెట్టు వేరు: మనిషి చెయ్యి పెట్టకపోతే ఆ నేల మీద చివరికి ఏ అడవి నిలుస్తుందో తేల్చుకోవడం. జపాన్‌లో ఆలయాల చుట్టూ మిగిలిన పాత తోపులను చూసి ఆయన జాతులు ఎంచుకున్నారు. ఆ పని ఎగ్గొట్టి నర్సరీలో దొరికినవి తెచ్చి గుచ్చితే అది మియావాకీ కాదు, దట్టమైన నర్సరీ.

నేల గట్టిపడి ఉంటే మీటరు లోతు దాకా గుల్ల చేయాలి. నీరు దిగడానికి వరిపొట్టులాంటిది, పోషణకు బాగా మాగిన పశువుల ఎరువు కలపాలి. పొద, చిన్న చెట్టు, మధ్యస్థం, ఎత్తైనది అని నాలుగు అంతస్తుల జాతులు కలిపి పెట్టాలి. ఒకే జాతి పక్కపక్కన రాకూడదు. పైన జానెడు మందాన ఎండుగడ్డి పరవాలి. రెండు మూడేళ్లు నీరు, కలుపుతీత. ఆ తర్వాత మనిషి పని దాదాపు లేదు. వెలుతురు కోసం పోటీపడి మొక్కలు పైకి లేస్తాయి, కొన్ని చచ్చి అక్కడి మట్టికే ఆహారమవుతాయి. అది ఈ పద్ధతిలో భాగమే.

ఊడలమర్రి:
మీరు చెప్పిన మట్టిపని లెక్క వేయండి. 1,000 చదరపు మీటర్లు, మీటరు లోతు: 1,000 ఘనపు మీటర్ల మట్టి కదపాలి. యంత్రం లేకుండా అయ్యే పని కాదు. నేను చెప్పే 15 గుంతలు మీటరు వెడల్పు, 45 సెంటీమీటర్ల లోతు ఉన్నా మొత్తం ఐదున్నర ఘనపు మీటర్లు మించవు. ఎదిగాక ఒక్కో చెట్టు గొడుగు ఎనిమిది మీటర్ల అడ్డం పరుచుకుంటే 50 చదరపు మీటర్ల నీడ. పదిహేనింటికి 750. స్థలంలో ముప్పాతిక భాగం నీడలో ఉంటుంది, కింద మనుషులు తిరగొచ్చు. దట్టమైన తోపు అంచు దాటి లోపలికి ఎవరూ అడుగుపెట్టలేరు.

కాకపోతే 15 చెట్లన్నప్పుడు ఒక్కటి పోయినా లోటే. అందుకే నాటే తీరు మీద పట్టింపు ఉండాలి. ఎక్కువగా చెడేది ఇక్కడే.

గుంత లోతు మొక్క వేళ్లను అంటిపెట్టుకున్న మట్టిగడ్డ ఎంతో అంతే, వెడల్పు మాత్రం దానికి రెండు మూడు రెట్లు. లోతుగా తవ్వి అడుగున ఎరువు నింపితే ఎరువు చివికి కుంగుతుంది, దానితోపాటు మొక్కా దిగబడుతుంది. కాండం మొదట్లో లావై వేర్లుగా విచ్చుకునే చోటు నేలమట్టానికి పైన కనబడాలి. అది మట్టిలో పూడితే బెరడు కుళ్లుతుంది, వేళ్లకు గాలి అందదు. రెండు మూడేళ్లు పచ్చగానే ఉండి తర్వాత పైనుంచి ఎండుతూ వస్తుంది. అప్పుడు తెగులనుకుని మందులు కొడతారు.

కవరు కోసి తీసేయాలి, చీల్చి వదిలేయడం చాలదు. గడ్డ చుట్టూ తాడు చుట్టలా తిరిగిన వేళ్లుంటే కత్తితో నాలుగు వైపులా నిలువుగా అంగుళం లోతు గాటు పెట్టాలి. వదిలేస్తే ఆ చుట్ట ఏళ్ల తర్వాత కాండాన్నే బిగిస్తుంది, పెద్దగాలికి చెట్టు మొదలంటా ఒరుగుతుంది. బంకమట్టిలో పార దెబ్బకు గుంత గోడ నున్నగా తేలుతుంది. దాన్ని గీరి గరుకు చేయకపోతే వేళ్లు కుండలో ఉన్నట్టు లోపలే తిరుగుతాయి.

నీటిబొట్టు:
ఇద్దరూ నీటి సంగతి తేలిగ్గా తీసుకుంటున్నారు. దట్టమైన తోపుకు మొదట్లో చదరపు మీటరుకు రోజుకు 5 లీటర్లనుకుంటే వారానికి 35,000 లీటర్లు. 15 చెట్లకు వారానికి రెండుసార్లు, 20 లీటర్ల చొప్పున పోసినా 600 లీటర్లే. రెండేళ్లలో ఈ తేడా ఎంతవుతుందో చూడండి.

పోసే చోటు కూడా ముఖ్యం. నాటిన తొలి వారాల్లో వేళ్లన్నీ ఇంకా ఆ మట్టిగడ్డలోనే ఉంటాయి. చుట్టూ నేల తడిగా ఉన్నా గడ్డ పొడిగా ఉండొచ్చు, మొక్క వాడిపోతుంది. ముందు పాదు ఇరుకుగా, మొదలు దగ్గర. నెలలు గడిచేకొద్దీ పాదు వెడల్పు చేస్తూ, నీళ్లు బయటి అంచుకు మార్చాలి. రోజూ చెంబెడు పోస్తే వేళ్లు పైపైనే ఉండిపోతాయి.

చల్లదనం కూడా నీటితోనే. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి కరెంటు లెక్కలో చూస్తే 0.68 యూనిట్ల వేడి కావాలి. ఎదిగిన చెట్టు ఎండరోజున 100 లీటర్లు వదిలితే చుట్టుపక్కల నుంచి దాదాపు 68 యూనిట్ల వేడి లాగేసినట్టు. నేలలో తడి లేకపోతే ఆకు తన రంధ్రాలు మూసుకుంటుంది, అప్పుడు మిగిలేది నీడ మాత్రమే.

పచ్చనిగూడు:
35,000 పెద్ద అంకెలా కనిపిస్తుంది, మొక్కకు పంచి చూడండి: వారానికి 12 లీటర్లు కూడా లేదు. మీరేమో చెట్టుకు 40 పోస్తున్నారు. పైగా గడ్డి పరిచి, ఆకులు కలిసిపోయాక నేల తడి అంత త్వరగా ఆరదు. వాననీరు ఇంకే విషయంలో, పిట్టలు, పురుగుల విషయంలో పొదలున్న తోపుకు ఈ 15 చెట్లు సాటిరావు. కింద జనం తొక్కితొక్కి నేల గట్టిపడితే వాన పడ్డ నీరు పారిపోతుంది. మట్టిపని మాట మాత్రం ఒప్పుకుంటాను. నేల ఇదివరకే గుల్లగా ఉంటే మీటరు తవ్వకం అనవసరం, ఉన్న జీవాన్ని చెడగొట్టినట్టే.

గడ్డిపరక:
అసలు నాటాలా అన్న ప్రశ్న ఎవరూ వేయలేదు. ఆ నేలలో పాత మోడులుంటే వాటి వేళ్లు బతికే ఉండొచ్చు. చిగుర్లు గుబురుగా లేస్తాయి. వాటిలో బలమైన రెండు మూడు ఉంచి మిగతావి కోసేసి, పశువులు మేయకుండా కాస్తే చాలు. ఎదిగిన వేరు కింద సిద్ధంగా ఉంది కాబట్టి కొత్త మొక్క కంటే వేగంగా లేస్తుంది. నైజర్ దేశంలో ఆస్ట్రేలియా వ్యవసాయ నిపుణుడు టోనీ రినాడో 1980లలో రైతులతో మొదలుపెట్టిన ఈ పని సుమారు 50 లక్షల హెక్టార్లకు పాకింది.

ఇంకోటి. అది సహజమైన గడ్డిభూమి అయితే 15 కూడా వద్దు, 3,000 కూడా వద్దు. గడ్డిని నమ్ముకున్న ప్రాణులు నీడలో బతకవు. వేగంగా పెరిగే ఒకే జాతి తోట వేస్తే కింది నీటిని తాగేసి వాగుల్లో పారే నీరు తగ్గుతుంది కూడా.

తొలకరి:
గడ్డిపరక గారు, అందుకే పార పట్టే ముందు ఒక వానాకాలం ఆ నేలను ఊరికే చూడటం మంచిదని నాకూ అనిపిస్తోంది. ఏం మొలుస్తుందో అదే చెబుతుంది.

నేను కొంచెం మారుతున్నాను. పడమటి అంచున, సాయంత్రపు ఎండ కొట్టే వైపు, 200 చదరపు మీటర్ల తోపు. మిగతా 800లో ఎడంగా 12 చెట్లు, కనీసం ఐదారు జాతులు. ఒకే జాతి పెడితే ఒక పురుగుతో అన్నీ పోతాయి.

పచ్చనిగూడు:
ఆ 200ను సన్నని పట్టీలా సాగదీయకండి. వెడల్పు నాలుగు మీటర్లకు తగ్గితే రెండు పక్కల నుంచీ వెలుతురు దూరి కలుపు ఆగదు.

ఊడలమర్రి:
12 చెట్లకు ఊతకర్రలు కడతారు కదా, మొక్క ఎత్తులో మూడో వంతు దగ్గర, ఎనిమిది అంకెలా వదులుగా, వెడల్పాటి గుడ్డతో కట్టండి. కాండం గాలికి ఊగితేనే మొదలు లావెక్కుతుంది, బిగించి కడితే సన్నగా పైకి సాగుతుంది. ఏడాదికి విప్పేయాలి. ట్రీ గార్డు లోపల మరిచిపోయిన తీగ బెరడులోకి దిగి చెట్టును కోసేస్తుంది. నాటిన తేదీతోపాటు కట్టు విప్పే తేదీ కూడా అప్పుడే రాసి పెట్టుకోండి.