ఆడపక్షి దేన్ని చూసి ఎంచుకుంటుంది? తెలిసినవారు చెప్పగలరా?

పక్షుల జోడీ ఎంపిక గురించి చదువుతున్నాను. ఒక చిక్కుముడి దగ్గర ఆగిపోయాను, విప్పి చెప్పండి.

పొడవుతోక విడోబర్డ్ మగపక్షి తోక దాదాపు అర మీటరు. జీవశాస్త్రవేత్త మాల్టె ఆండర్సన్ కెన్యాలో కొన్ని మగపక్షుల తోకలు కత్తిరించి, ఆ ఈకల్ని వేరే మగపక్షుల తోకలకు అతికించారు. 1982లో ఫలితాలు వచ్చాయి: అతుకు తోకలవాటి హద్దుల్లోనే ఎక్కువ గూళ్లు వెలిశాయి, అంటే ఆడపక్షులు వాటినే ఎక్కువగా ఎంచుకున్నాయి. ఎంత చక్కటి ప్రయోగమో!

అయితే ఇది ఎవరి వాదనను బలపరుస్తున్నట్టు? తోకా, దాని మీద ఆడపక్షి మోజూ రెండూ తరతరాలుగా కలిసే సంక్రమిస్తూ ఒకదాన్నొకటి పెంచుతాయన్నది జీవశాస్త్రవేత్త ఫిషర్ మాట. అంత బరువు మోయగలిగేది దిట్టమైన మగపక్షే కాబట్టి తోక సత్తాకు గుర్తు అన్నది 1975లో మరో జీవశాస్త్రవేత్త జహావి మాట. పొడవుతోకకు మొగ్గు ఉందని ఇద్దరూ ఒప్పుకునేదే కదా! మరి వీటిని విడదీసే పరీక్ష ఏమిటి?

ఇంకొకటి. ఉత్తర అమెరికాలోని సేజ్ గ్రౌస్ అనే జాతి మగపక్షులు ఒకేచోట గుమిగూడి, ఛాతీ సంచులు ఉబ్బించి ఆడతాయి. పిల్లల్ని సాకవు. ఆడపక్షుల్లో చాలావరకు ఏ కొద్ది మగపక్షులనో ఎంచుకుంటాయి. అలా పిల్లలు ఎక్కువగా ఆ కొద్ది మగపక్షులవే అయితే కొన్ని తరాలకు మగపక్షుల జన్యువుల్లో తేడాలే మిగలకూడదు, ఎంచుకోవాల్సిన పనీ ఉండకూడదు. కొత్త ఉత్పరివర్తనలు (జన్యువుల్లో వచ్చే మార్పులు) ఆ తేడాల్ని నిలబెడుతున్నాయన్న వివరణ ఒక్కటే సరిపోతుందా? పరిణామశాస్త్రం చదివినవారు కాస్త వివరంగా రాయండి.